ముప్ఫై మూడేళ్ళు మంచులో

నాకో పాత అలవాటుంది. ఎండలు ముదిరే వేళకి అట్లాసు తీసి, మ్యాపులో అన్నిటికంటే పైన తెల్లగా వుండే చోటు వెతుక్కుంటాను. కొందరు నిమ్మకాయ షర్బత్ తాగుతారు, కొందరు కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టుకుంటారు. నేను ఉత్తరధ్రువం చుట్టూ వేలు తిప్పుకుంటూ కూచుంటాను. ఖర్చులేని పని.

"ఎక్కడికి ప్రయాణం?" అంటారు మావారు పేపరు మడిచి.

"మనుషుల్లేని చోటికండీ."

"మరి వంట?"

మగవాళ్ళకి ఏ సమస్యలో అయినా అసలు విషయం చప్పున తడుతుంది!

మనుషుల్లేని చోటని నేను వూరికే అనలేదు. నార్వేకి పైన, ఉత్తర సముద్రాల్లో స్వాల్‌బార్డ్ అని ఒక దీవుల గుంపుంది. మన దేశం 2008లో 'హిమాద్రి' అని పరిశోధనా కేంద్రం తెరిచింది అక్కడే, ఆ గుంపుకి పడమటి వైపున. ఆ వైపు కాస్త జనం వున్నారు, ఓడలొస్తాయి, విమానం దిగుతుంది. వేలు అలాగే తూర్పుకి జరుపుకుంటూ పోండి. వూళ్ళు అయిపోతాయి, పేర్లు పల్చబడతాయి. గుంపులోంచి తప్పిపోయిన పిల్లలాగా చిట్టచివర ఒక్కతీ వుంటుంది క్విటోయా. నార్వే భాషలో ఆ మాటకి తెల్ల దీవి అని అర్థం. తూర్పున ఇంకాస్త దూరం పోతే రష్యా వాళ్ళ దీవి వస్తుంది.

సుమారు 682 చదరపు కిలోమీటర్లట. మన హైదరాబాదు కార్పొరేషను చాలాకాలం 650 చదరపు కిలోమీటర్లుండేది, ఇంచుమించు అంత వూరన్నమాట. ఆ మొత్తానికీ మంచు కప్పే వుంది. వందలో తొంభై తొమ్మిది పాళ్ళు మంచు. ఎత్తు 410 మీటర్లు. అదీ కొండలా నిక్కబొడుచుకుని వుండదు, మధ్యలో వుబ్బి అంచుల్లో పల్చబడి, అచ్చం సముద్రంలో పెట్టిన పెద్ద ఇడ్లీలా వుంటుంది. రెండు కొసల్లో మాత్రం నాలుగు బండరాళ్ళూ కాస్త కంకర నేలా బయటపడి వున్నాయి. చెట్టు లేదు, పొద లేదు. అక్టోబరు చివర్లో పోయిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరిలో గానీ మొహం చూపించడు. ఎలుగుబంట్లు తిరుగుతాయి, తెల్లవి. వాల్‌రస్‌లు ఒడ్డున పొర్లుతుంటాయి. వేసవిలో కూడా చుట్టూ సముద్రం గడ్డకట్టి ఏళ్ళ తరబడి ఓడని దగ్గరికి రానివ్వని రోజులుండేవి.

1707లో కార్నెలిస్ గైల్స్ అనే డచ్చి ఓడ కెప్టెను దూరాన్నుంచి చూసిన నేల ఇదే అయ్యుండాలంటారు. తెల్ల దీవి అని పేరు పెట్టింది మాత్రం 1876లో కెల్డ్‌సెన్ అనే నార్వే నావికుడు. పేరైతే పెట్టారు, కాపురం ఎవరూ పెట్టలేదు. పెట్టేందుకేముందక్కడ?

అలాంటిచోట ముగ్గురు మగవాళ్ళు ఇల్లు కట్టబోయారు. వాళ్ళ కథ చెప్పటానికే ఇంత ఉపోద్ఘాతం.

స్వీడన్ దేశంలో సాలమన్ ఆగస్ట్ ఆంద్రే అని ఒక ఇంజనీరు వుండేవాడు. స్టాక్‌హోమ్‌లో పేటెంట్ల ఆఫీసులో ఉద్యోగం. బ్రహ్మచారి. ఆయనకో గొప్ప ఆలోచన వచ్చింది. ఉత్తరధ్రువానికి ఓడల్లోనూ కుక్కల బళ్ళమీదా పోయి జనం చస్తున్నారు కదా, బెలూనెక్కి పైనుంచి పోతే? గాలి ఎటు వీస్తే అటే కదా బెలూను పోయేది అంటారా, దానికీ ఆయన దగ్గర సమాధానముంది. లావుపాటి తాళ్ళు కిందికి వదిలి మంచుమీద ఈడ్చుకుంటూ పోతే బెలూను గాలికంటే మెల్లగా నడుస్తుంది, అప్పుడు తెరచాప కట్టి కొంత పక్కకి తిప్పుకోవచ్చు. ఈ పథకం 1895లో స్వీడన్ సైన్సు అకాడమీలో చదివాడు. పెద్దలు తలలూపారు. రాజు ఆస్కార్ డబ్బిచ్చాడు, ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డబ్బిచ్చాడు. అవును, ఆ నోబెలే. పక్కనున్న నార్వేవాడు నాన్సెన్ అప్పటికే ధ్రువం దారిలో ఓడేసుకుని పోయి వున్నాడు. స్వీడన్‌వాళ్ళకి పరువు సమస్య. పరువు సమస్య వచ్చాక లెక్కలు చూసేదెవరు?

బెలూను పారిస్‌లో తయారైంది. చీనా పట్టు, మూడు పొరలు, పైన వార్నిషు. అడ్డం ఇరవై మీటర్లకి పైమాట. దానికి గరుడపక్షి అని పేరు. పట్టు ముక్కలు కలిపి కుట్టాలి కదా. కుట్టంటే సూది, సూదంటే కంత. మొత్తం ఎనభై లక్షల కుట్టు రంధ్రాలున్నాయట ఆ బెలూనుకి! పైన పట్టీలు అంటించారు, వార్నిషు మీద వార్నిషు పట్టించారు. అయినా హైడ్రోజన్ గ్యాసు ఆ కంతల్లోంచి సన్నగా పోతూనే వుంది. కుట్టుమిషను దగ్గర నాలుగు జాకెట్లు కుట్టిన ఏ ఇల్లాలినడిగినా, "కుట్టున్నచోట గాలాగుతుందా నాయనా" అని చెప్పేది. మనల్నెవరడిగారు?

ఇంకొకటి చెప్పాలి. పక్కన అంత గ్యాసుండగా పొయ్యి ముట్టిస్తే భగ్గుమంటుంది. అంచేత స్టవ్వుని బుట్టకి ఎనిమిది మీటర్ల కింద వేలాడదీసే ఏర్పాటు చేశారు. పైనుంచే వెలిగించటం, వెలిగిందో లేదో అద్దంలో చూసుకోవటం! ఎనిమిది మీటర్ల కిందున్న గిన్నెలో కూర అడుగంటుతోందో లేదో ఎలా తెలుస్తుందని నాకు దిగులు పట్టుకుంది. ఈ స్టవ్వు గురించి చదివి మా పక్కింటి పిన్నిగారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

1896 వేసవిలో ఒకసారి స్వాల్‌బార్డ్‌లోని డేన్స్ దీవికి వెళ్ళి కాచుక్కూచున్నారు. దక్షిణపు గాలి వీయలేదు, తిరిగొచ్చేశారు. ఆ జట్టులో ఎక్‌హోల్మ్ అని వాతావరణ శాస్త్రజ్ఞుడొకాయన వున్నాడు. ఆయన గ్యాసు ఎంత పోతోందో లెక్క కట్టాడు. అంత పోతుంటే ధ్రువం మాట దేవుడెరుగు, సగం దారికైనా పోలేమన్నాడు. పైగా ఆంద్రే ఎవరికీ చెప్పకుండా మధ్యమధ్య గ్యాసు నింపిస్తున్నాడనీ తెలిసింది. "నేను రాను" అని తప్పుకున్నాడు. ఇలాంటి కథల్లో ఎవరూ విగ్రహాలు కట్టని మనిషి ఎప్పుడూ ఒకడుంటాడు. నా ఓటు ఆయనకే. ఆయన ఇంటికెళ్ళి బతికాడు.

ఆయన స్థానంలో క్నూట్ ఫ్రెంకెల్ అనే బలమైన కుర్రాడు చేరాడు. మూడోవాడు మొదటినుంచీ వున్నవాడే, నిల్స్ స్ట్రిండ్‌బర్గ్. ఇరవై నాలుగేళ్ళు. సైన్సు చదివాడు, ఫొటోలు తీస్తాడు, ఫిడేలు వాయిస్తాడు. 1896లో తిరిగొచ్చాక శరదృతువులో నిశ్చితార్థం చేసుకున్నాడు. పిల్ల పేరు అన్నా షార్లియే. అన్నా అంటే మన నోటికి అన్నయ్యని పిలిచినట్టుంటుంది కనక, మీరేమీ అనుకోకపోతే ఆనా అంటాను.

నిశ్చితార్థమైన పిల్లని వదిలి, గ్యాసు కారే బెలూనెక్కి వెళ్ళటమేమిటని మీరడగవచ్చు. నేనూ అడిగాను, పుస్తకం మూసి గోడనడిగాను. ఎక్‌హోల్మ్ చెప్పిన లెక్క నిల్స్‌కి తెలుసు. కానీ ఒకసారి వెళ్తానన్నాడు, ఊరంతా దండలు వేసింది, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. మళ్ళీ వెళ్ళనంటే మొహం ఎలా చూపించటం? మగపిల్లల్ని వీరులుగా పెంచేటప్పుడు ఆ ఒక్కమాట చెప్పటం నేర్పరు. మన ఇళ్ళల్లోనూ నేర్పం.

1897 జులై 11న గాలి తిరిగింది. బయల్దేరారు. నిమిషాల్లో మొదటి దెబ్బ తగిలింది. ఆ తాళ్ళున్నాయి చూశారూ, ఎక్కడైనా ఇరుక్కుంటే విడిపోయేలా మధ్యలో మరలు పెట్టారు. ఈడ్చుకుపోతుంటే తాళ్ళు మెలితిరిగి మరలు వూడిపోయాయి. తాళ్ళలో ఎక్కువ భాగం ఒడ్డునే పడిపోయింది. బుట్ట సముద్రానికి తగులుతోంది. కంగారుపడి 210 కిలోల ఇసుక బస్తాలు నీళ్ళలోకి పారేశారు. తాళ్ళ బరువూ లేదు, ఇసుక బరువూ లేదు, బెలూను పైకి లేచిపోయింది. తిప్పుకునే సాధనం లేదు. అంటే ఉత్తరధ్రువ యాత్ర మొదలైన కాసేపటికే అయిపోయిందన్నమాట. ఒడ్డున నిలబడి చేతులూపుతున్నవాళ్ళకి మాత్రం అది గొప్ప దృశ్యం.

వాళ్ళ వెంట తీసుకెళ్ళిన పావురాల్లో ఒకటి ఒక నార్వే వేటగాళ్ళ ఓడమీద వాలింది. వాళ్ళు కొట్టేశారు. కాలికి చీటీ వుంది, జులై 13న రాసింది. అందరూ కులాసా అని. ఆ తరవాత రాసిన కబురు ఇంకేం రాలేదు. ఒక ఏడు, రెండేళ్ళు, పదేళ్ళు.

ఇక్కడ మా పెద్దమ్మమ్మ గుర్తొస్తుంది నాకు. మా అమ్మమ్మకి అక్క. ఆవిడ భర్త పెళ్ళయిన నాలుగో ఏట కాశీ వెళ్తున్నానని వెళ్ళాడు. అంతే. చచ్చిపోయాడనే కబురు లేదు, సన్న్యాసుల్లో కలిశాడనీ లేదు. చట్టం ఏడేళ్ళంటుంది. శాస్త్రం పన్నెండేళ్ళాగి దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించమంటుంది. పన్నెండేళ్ళూ నిండాయి. పురోహితుణ్ణి పిలుస్తామంటే ఆవిడ, "మీకు సందేహం లేకపోతే చేయించండి. నాకుంది" అందట. ఎవరికీ నోరు రాలేదు. డెబ్భై దాటేదాకా ఎర్రటి కుంకంబొట్టుతోనే బతికింది. పేరంటానికి పిలవాలా వద్దా అని ఇరుగూపొరుగూ తర్జనభర్జన పడేవారట. కొందరు పిలిచి బొట్టు పెట్టేవారు, కొందరు ఆవిడ వస్తుంటే గడపలోనే ఆగిపోయేవారు. నా చిన్నప్పుడు వీధి తలుపు చప్పుడైతే ఆవిడ తల తిప్పే తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. తల మాత్రం తిప్పేది, లేచేది కాదు.

పోయినవాడికోసం ఏడవచ్చు. రానివాడికోసం ఏం చెయ్యాలి?

ఆనాకి ఆ తెరపి కూడా లేదు. పెద్దమ్మమ్మ భర్తని ఊరు మరిచిపోయింది. ఆంద్రే గరుడపక్షిని లోకం మరిచిపోనివ్వలేదు. అక్కడ బెలూను కనబడింది, ఇక్కడ తెల్లవాళ్ళు కనబడ్డారు అని ఏదో ఒక పుకారు పేపర్లో పడేది. పెళ్ళికూతురు కాబోయి ఆగిపోయిన పిల్ల ప్రతిసారీ ఆశపడాలి, ప్రతిసారీ వుసూరుమనాలి. చాలాకాలం ఎదురుచూసి, చివరికి దేశం విడిచి అమెరికా వెళ్ళింది. న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో కాన్‌కార్డ్ అనే వూళ్ళో ఒక స్కూల్లో పియానో నేర్పేది. అక్కడే గిల్బర్ట్ హాట్రీ అని ఒక ఇంగ్లీషు మాస్టారు పరిచయమై, ఆయన్ని పెళ్ళి చేసుకుంది. తరవాత ఇద్దరూ ఇంగ్లండులో టార్కీ అనే సముద్రతీరపు పట్నంలో స్థిరపడ్డారు. వాళ్ళింట్లో నిల్స్ ఫొటో గోడకి వుండేదంటారు.

మనమిక్కడ హాట్రీ గారిని కాసేపు అలా కూచోబెట్టి, మళ్ళీ ఇడ్లీ దీవికి పోదాం.

1930 వేసవి ఆ ప్రాంతంలో ఎన్నడూ లేనంత వెచ్చగా వుంది. సముద్రంలో మంచు కరిగి తెల్లదీవికి దారి దొరికింది. బ్రాట్‌వాగ్ అనే నార్వే ఓడ, సీల్ జంతువుల వేటకీ, కాస్త శాస్త్ర పరిశోధనకీ బయల్దేరింది. గున్నార్ హార్న్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు నాయకుడు. ఆగస్టులో వేటగాళ్ళిద్దరు దాహమేసి మంచినీళ్ళకోసం వెతుకుతుంటే రాళ్ళ మధ్య ఒక అల్యూమినియం మూత కనబడింది. మనుషులెవరూ వుండని దీవిలో గిన్నె మూత! అలా వెతుక్కుంటూ పోతే మంచులో కూరుకుపోయిన పడవ, దాంట్లో సామాను. ఒక కొక్కెం మీద ఆంద్రే ధ్రువయాత్ర అని చెక్కి వుంది. దగ్గర్లోనే మనుషులు.

చూడండి, ముప్ఫై మూడేళ్ళు ఒక దేశం మొత్తం వెతికింది. దొరికింది వంటింటి మూత వల్ల.

ఆంద్రే డైరీ దొరికింది. తరవాత సెప్టెంబరులో స్టుబెన్‌డార్ఫ్ అనే విలేఖరి ఇంకో ఓడ వేసుకుని వెళ్ళి మిగతావి వెతికి తెచ్చాడు. నిల్స్ నోట్‌బుక్కులు, ఫిల్ములు కూడా. ఇంతకాలం మంచులో తడిసిన ఫిల్ములు. హెర్ట్స్‌బర్గ్ అనే స్టాక్‌హోమ్ ఫొటోగ్రాఫీ నిపుణుడు వాటిని పసిపిల్లకి స్నానం చేయించినట్టు జాగ్రత్తగా కడిగి, 93 బొమ్మలు బయటికి తీశాడు. వాటిల్లో ఒకటి మీరెక్కడైనా చూసే వుంటారు. మంచుమీద పక్కకి ఒరిగి పడివున్న బెలూను, దాన్ని చూస్తూ నిలబడ్డ ఇద్దరు మనుషులు. మూడోవాడు ఫొటో తీస్తున్నాడు.

డైరీలు అసలు సంగతి చెప్పాయి. బెలూను తేలింది 65 గంటలు. బయల్దేరిన చోటికి 475 కిలోమీటర్ల దూరంలో, జులై 14న గడ్డకట్టిన సముద్రం మీద దింపుకున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వారం రోజులు అక్కడే వుండి సామాన్లు సర్దుకున్నారు. ఆ సర్దటమెలాంటిదంటే, మా అమ్మాయి అమెరికా వెళ్ళేటప్పుడు ఆవకాయ సీసాలు తీసి, పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాం చూడండి, అలా. ఒక్కొక్కరి బండి రెండు వందల కిలోల దాకా తూగింది. కుక్కల్లేవు, మనుషులే లాగాలి. బట్టలు చూస్తే ఉన్ని కోట్లు. తోలు దుస్తులు లేవు! ఆ చలిలో తరతరాలుగా బతుకుతున్న ఎస్కిమోలు ఏం తొడుక్కుంటారో కనుక్కుని వుండాల్సింది. బెలూన్లో పోతాం కదా, నడిచే పనేముందనుకున్నారు కాబోలు.

ఆగ్నేయంగా నడిచారు, ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లో ముందుగా దాచిపెట్టిన ఆహారంకోసం. కాళ్ళకింద వున్నది నేల కాదు, తేలుతున్న మంచు. వీళ్ళు ఒకవైపు లాగుతుంటే మంచు ఇంకోవైపు పోతోంది. రోజంతా నడిచి లెక్క చూసుకుంటే నిన్నటికంటే వెనక వున్నారు. ఆగస్టు 4న ఇక లాభంలేదని దిక్కు మార్చి పడమరకి తిరిగారు. అప్పుడు మంచూ దిక్కు మార్చింది.

వంట నిల్స్ చేసేవాడు. తెల్ల ఎలుగు మాంసం ముఖ్యాహారం. మన శాకాహారులు ఈ పేరా దాటెయ్యండి. ఎలుగు రక్తంలో ఓట్ల పిండి కలిపి వెన్నతో అట్లు పోశాడు. సముద్రపు నాచుతో సూప్ కాచాడు. దాన్ని ఆంద్రే ఈ దారిలో వచ్చేవాళ్ళకి పనికొచ్చే ఆవిష్కరణ అన్నట్టుగా డైరీలో రాసుకున్నాడు. ఉత్తరధ్రువం కనిపెట్టడానికెళ్ళిన పెద్దమనిషి సూప్ కనిపెట్టానని మురిసిపోయాడు! ఇది చదువుతుంటే ఆయనమీద అప్పటిదాకా వున్న కోపం నాకు సగం తగ్గిపోయింది.

మొదటి వారాల్లో నిల్స్ ఆనాకి ఉత్తరాలు రాశాడు. షార్ట్‌హ్యాండులో, నోట్‌బుక్కులో, పోస్టు లేనిచోట. జులై ఆఖరి వారంలో ఆమె పుట్టినరోజని గుర్తుపెట్టుకున్నాడు, తాను క్షేమమే కంగారుపడొద్దని ధైర్యం చెప్పాడు. ఆ తరవాత ఉత్తరాలు ఆగిపోతాయి. అలిసిపోయి రాయలేదో, రాయటానికి మంచిమాట దొరక్క రాయలేదో.

సెప్టెంబరు 4 నిల్స్ పుట్టినరోజు. పాతికేళ్ళు నిండాయి. ఆరోజు ఆంద్రే అతన్ని ఉత్తరాలిచ్చి నిద్రలేపాడు. ఆనా రాసినవి, ఇంట్లోవాళ్ళు రాసినవి. అంటే ఆ పిల్ల బయల్దేరక ముందే రాసి, రహస్యంగా ఆంద్రేకి ఇచ్చి పెట్టిందన్నమాట, ఆరోజుకి ఇవ్వమని. రెండు వందల కిలోల సామాన్లలో ఏది పారేద్దామా అని వెతుక్కున్న మనిషి, ఎనిమిది వారాలు ఆ కవర్లు దాచి, తారీకు గుర్తుపెట్టుకుని ఇచ్చాడు. అతని సంతోషం చూసి తనకీ సంతోషమైందని రాసుకున్నాడు. అదేరోజు నిల్స్ బండితో సహా నీళ్ళలో పడ్డాడు. రొట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి, పంచదార పాకమైంది.

సెప్టెంబరు మధ్యలో నడక మానేశారు. వున్న మంచుపలక మీదే చలికాలం గడుపుదామని ఇల్లు మొదలుపెట్టారు. ప్లాను నిల్స్‌దే. మంచు గోడలు, పైన నీళ్ళు పోసి గట్టిపరచటం, మూడు గదులు. పెళ్ళయితే స్టాక్‌హోమ్‌లో కట్టుకోవలసిన ఇల్లు. అప్పటికే దూరంగా తెల్లదీవి కనిపిస్తోంది. అక్టోబరు 2 తెల్లవారుజామున పలక ఫెళ్ళుమని పగిలి, పగులు సరిగ్గా ఇంటి గోడ దగ్గరికే వచ్చింది. చెల్లాచెదురైన సామాను ఏరుకుని, అక్టోబరు 5న తెల్లదీవి మీద కాలు పెట్టారు. జులై 11 తరవాత అదే మొదటిసారి నేల తగలటం. ఆ చోటికి ఆంద్రే తన తల్లి పేరు పెట్టాడు. ఆవిడ ఆ ఏడు వాళ్ళు బయల్దేరక ముందే పోయింది.

ఆ పైన డైరీలో కొన్ని పేజీలే వున్నాయి, చాలామటుకు చివికిపోయి. నిల్స్ పంచాంగంలో మాత్రం అక్టోబరు 17 తారీకు కింద పొద్దున్న 7 గంటల 5 నిమిషాలకి ఇంటికి అన్న అర్థం వచ్చేలా ఒక చిన్న ముక్క వుంది. ఏ ఇల్లు?

ముగ్గురిలో ముందు పోయింది అతనే. ఎలా తెలుసంటే, అతన్ని రాళ్ళ సందులో పడుకోబెట్టి పైన రాళ్ళు పేర్చి వున్నాయి. మిగతా ఇద్దరికీ ఆపని చేసేందుకు ఎవరూ మిగల్లేదు. గుడారంలో పక్కపక్కన వున్నారు. తిండి వుంది. తూటాలున్నాయి. స్టవ్వు వుంది. మరెలా పోయారు? సరిగ్గా వుడకని ఎలుగు మాంసంలో పురుగుల వల్ల అని ట్రీడే అనే డెన్మార్క్ డాక్టరు 1952లో పుస్తకం రాశాడు. గుడారంలో స్టవ్వు పొగ అన్నారు, డబ్బాల్లో సీసం అన్నారు, విసిగి మందు మింగారన్నారు. 2013లో బేయా ఊస్మా అనే స్వీడిష్ రచయిత్రి, డాక్టరీ కూడా చదివిన మనిషి, ఈ ముగ్గురి వెనకా పదిహేనేళ్ళు తిరిగి పుస్తకం రాసింది. దానికి తన ప్రేమకథ అని ఉపశీర్షిక పెట్టుకుంది. ఆ దేశపు పెద్ద బహుమతి వచ్చింది. ఆ పిచ్చి నాకర్థమవుతుంది. మావారికి అర్థం కాదు.

ముగ్గురి దేహాల్నీ ఓడలో తెచ్చి స్టాక్‌హోమ్ వీధుల్లో ఊరేగించారు. గంటలు మోగాయి, రాజు ప్రసంగించాడు. ఆరోజు 1930 అక్టోబరు 5. వాళ్ళు తెల్లదీవి మీద కాలుపెట్టిన తారీకే. నేను నవల్లో ఇలా రాస్తే, తారీకులు మరీ అంత కలిస్తే నమ్మరమ్మా అని ఎడిటరుగారు కొట్టేస్తారు. నిల్స్ దగ్గర దొరికినవాటిలో గుండె ఆకారంలో వున్న చిన్న బంగారు లాకెట్టు వుంది. తెరిస్తే ఆనా బొమ్మ, ఒక వెంట్రుకల పాయ. ఇది రాసినా కొట్టేస్తారు.

టార్కీలో ఆనాకి అప్పటికి అరవై దగ్గరపడుతోంది. జుట్టు నెరిసింది. ఆ ఉత్తరాలు ఇరవై నాలుగేళ్ళవాడు రాసినవి. చదివే మనిషి అతనికి తల్లి వయసు దాటింది. మన పెద్దమ్మమ్మకి జరగనిది ఈవిడకి జరిగింది, కబురొచ్చింది. ఏది నయమో మీరే చెప్పాలి. తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పటమా, ముప్ఫై మూడేళ్ళ తరవాత నిజంగానే తలుపు తెరుచుకోవటమా?

1949లో ఆనా పోయింది. ఆమె కోరిక ప్రకారం ఆమె గుండెని వేరుచేసి, చిన్న వెండిపెట్టెలో పెట్టి, స్టాక్‌హోమ్ తీసుకెళ్ళి నిల్స్ పక్కన పాతిపెట్టారు. సెప్టెంబరు 4న, నిల్స్ పుట్టినరోజున. మిగతా దేహం ఇంగ్లండులోనే, హాట్రీ గారి వాటాకి.

ఇది చెప్పగానే మా పక్కింటి పిన్నిగారు కళ్ళొత్తుకున్నారు. "ఎంత ప్రేమమ్మా!" అన్నారు. తరవాత కాసేపాగి, కాఫీ గ్లాసు కింద పెట్టి, "అయితే ఆ మొగుడో?" అన్నారు.

నేనూ ఆ మొగుడి దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లీషు మాస్టారు. ప్రతిరోజూ కాఫీ తాగే గదిలో గోడమీద వేరే కుర్రాడి ఫొటో. ఆ కుర్రాడికి వయసు రాదు, జలుబు చెయ్యదు, కోపం రాదు, ఇంటి ఖర్చు గురించి పోట్లాడడు. అలాంటివాడితో ఎవరు పోటీ పడగలరు? అయినా ఆయన ఆమెతో కాపురం చేశాడు, ఆమె జబ్బు పడితే చూశాడు, ముసలితనం దాకా తోడున్నాడు. ప్రశ్న ఏమిటంటే, ఆమెకి అది కాపురమా, ఎదురుచూపులో ఒక మజిలీయా? కొందరు ఆమె చేసింది మహా త్యాగమంటారు. నాకలా అనిపించదు. తనకి కావలసింది చివరికి తీసుకుంది. ముప్ఫై మూడేళ్ళు ఊరందరూ ఆమె దుఃఖాన్ని పేపర్లో చదివారు. చచ్చాకైనా దాన్ని తన చేతుల్లోకి తీసుకుని, సగం ఇక్కడ సగం అక్కడ అని పంచింది. హాట్రీ గారికి మాత్రం ఆ పంపకంలో వచ్చింది తక్కువో ఎక్కువో లెక్క తేల్చటం నా వల్ల కాలేదు. నలభై ఏళ్ళు పక్కన కూచుని పియానో వినటం కూడా వాటా కిందికే వస్తుంది కదా.

పుస్తకాల్లో ఆయన గురించి వెతికితే రెండు మూడు వాక్యాలే దొరుకుతాయి. తెల్లదీవిలో ఆ మనుషులు దొరికిన రాతికొసకి మ్యాపులో ఆంద్రే పేరే పెట్టారు. నిల్స్ తీసిన బొమ్మల ముందు జనం ఇప్పటికీ నిలబడి చూస్తున్నారు. పిన్నిగారు నిన్న మళ్ళీ వచ్చి, "ఆ మొగుడి ఫొటో ఎక్కడైనా వుంటే చూపించమ్మా" అన్నారు. వెతుకుతున్నాను.